ఎండకెక్కిన కుండీలు

మధ్యాహ్నం. అపార్ట్‌మెంట్ సెక్రటరీ అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాడు. కింద వెనక గదిలో మిషన్ కుట్టే టైలరమ్మ, మెడలో టేపు కూడా తియ్యకుండా, మెట్లెక్కి వచ్చి అతని గుమ్మంలో నిలబడింది.

"చంపుతున్నది మీరే. ఇంకెవరి మీదకీ నెట్టకండి."

"ఎవర్నమ్మా నేను చంపుతున్నది? కాస్త మెల్లగా. పక్క వాటాల వాళ్ళు వింటారు."

"విననివ్వండి. వెనక సందులో ఉన్న పూల కుండీలన్నీ డాబా ఎక్కించింది మీరు కాదూ? లైనింగు గుడ్డ కోసం బజారుకెళ్ళి వచ్చేసరికి సందు బోడిగుండులా ఉంది."

"ఓ, అదా. ఎండ లేక చచ్చిపోతున్నాయని జాలిపడి..."

"జాలి. విరగబూసిన మొక్కల మీద జాలి."

"మొక్కకి ఎండ కావాలమ్మా. చంటిపిల్లాడికైనా తెలుసు."

"అన్నిటికీ అక్కర్లేదు. ఇవి నీడలో పూసేవి. బిగోనియా, టొరేనియా, పీస్ లిల్లీ. ఎదురుగోడ మీద పడి వచ్చే వెలుగు చాలు వీటికి. ఆ గోడకి తెల్లసున్నం ఎందుకు వేశాం అనుకున్నారు, సినిమా చూసుకోడానికా?"

"వేశాం అంటే? నువ్వూ, ఇంకెవరు?"

"అది తర్వాత. డాబా తాళం ఇవ్వండి."

"తాళం ఎక్కడ పెట్టానో..."

"వెతకండి."

"అసలు అక్కడ బళ్ళు పెట్టుకోడానికి చోటు కావాలని అందరూ అడుగుతున్నారు."

"సైకిలే సరిగ్గా దూరదు ఆ సందులోకి. బళ్ళంట."

"దోమలు కూడా..."

"జాలి అయింది, బళ్ళు అయ్యాయి, ఇప్పుడు దోమలు. ఇంకేమైనా ఉందా సంచిలో?"

"నువ్వు మరీ లాయరులా మాట్లాడకు."

"లాయరునైతే చల్లగా ఫ్యాను కింద కూర్చునేదాన్ని. పైన నేల ఎలా కాలుతోందో తెలుసా మీకు? ఆ ప్లాస్టిక్ కుండీల్లో మట్టి ఉడికిపోతుంది. బిగోనియా కాడంతా నీరే, ఒక్కసారి వాలిపోయిందంటే ఇక లేవదు. తాళం ఇవ్వండి. సాయంత్రం వచ్చి మీతో తీరిగ్గా దెబ్బలాడతాను."

"ఆ దింపేదేదో సాయంత్రం చల్లబడ్డాక చూద్దాంలే."

"సాయంత్రానికి దింపక్కర్లేదు. ఊడ్చెయ్యొచ్చు."

"మొక్కలేగా."

"మొక్కలే. అయితే ఏంటి? నా గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. పొద్దస్తమానం కుట్టి కుట్టి తలెత్తితే కనబడేది ఆ సందు. ఇదివరకు అక్కడ విరిగిన కుర్చీలూ, ఎలకలూ. మీరు ఏ రోజైనా తొంగిచూశారా?"

"చూశాను. మొన్న చూశాను. మా నాన్న వెల్లకిలా పడి ఉన్నాడు అక్కడ."

"ఎక్కడ? మన సందులోనా?"

"నువ్వు కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళినట్టున్నావ్. నాచు మీద జారాడు. లేవదీసి కూర్చోబెట్టేసరికి నా ప్రాణం పోయింది. ఈ వయసులో తుంటి విరిగితే మంచం దిగుతాడా? మొక్కలు అక్కడ లేకపోతే అటువైపు వెళ్ళడనుకున్నా. ఆ మాట చెప్పుకోలేక జాలీ, బళ్ళూ, దోమలూ."

"నాకు చెప్పలేదాయన. చొక్కాకి ఆ మట్టేంటి తాతగారూ అంటే, గోడకి ఆనుకున్నానన్నారు."

"మరి ఆ నాచు ఎవరి పుణ్యం? రోజూ బిందెలు బిందెలు కుమ్మరించేది ఎవరు?"

"నేనే. నీడలో మట్టి తొందరగా ఆరదు, వేలు గుచ్చి చూసి పొయ్యమ్మాయ్ అని ఆయన మొత్తుకుంటూనే ఉన్నారు. మిషన్ మీంచి లేచానంటే నా చెయ్యి ఊరుకోదు."

"ఆయన మొత్తుకోవడమేంటి? మధ్యలో ఆయనకేం సంబంధం?"

"కుండీలన్నీ కొని తెచ్చింది ఆయనేగా. గోడకి సున్నం ఆయనా నేనూ కలిసే వేశాం. వాడిన పూలు గిల్లేది ఆయన, నీళ్ళు పోసేది నేను. మీకు తెలియదా?"

"కింద పేపరు చదువుకుంటానని వెళ్ళేవాడు."

"ఆ పేపర్లన్నీ మడతైనా విప్పకుండా నా దగ్గరే వదిలేసేవారు. జాకెట్ల కొలతలు గీసి కత్తిరించుకుంటున్నా వాటిమీద."

"ఇంత జరుగుతుంటే నాకు ఒక్క మాట చెప్పలేదు."

"చెబితే వద్దంటారని."

"వద్దనేవాణ్ణే."

"నాచంతా గీకేస్తాను. నడిచేచోట ఇటుకలు పరుస్తాను. ఆయన వేలు గుచ్చి ఊఁ అంటేనే నీళ్ళు పోస్తాను. తాళం ఇవ్వండి సెక్రటరీ గారూ."

"సరే, సరే. ఇదిగో, ఏమే, వంటింట్లోకి వినబడుతోందా? మేకుకి డాబా తాళం ఉంటుంది, ఇలా పట్టుకురా."

"మేకుకి లేదండీ."

"లేకపోవడమేంటి? కుండీలు ఎక్కించి వచ్చి నేనేగా తగిలించింది."

"మామయ్యగారు తీసుకెళ్ళారు. మీరు ఇమ్మన్నారట కదా."

"నేనెప్పుడు ఇమ్మన్నాను? ఎప్పుడు తీసుకెళ్ళాడు?"

"మీరు అన్నానికి కూర్చోకముందే. తాళం తీసి వచ్చి పడుకున్నారేమో అనుకున్నా."

"గదిలో చూడు."

"మంచం ఖాళీగా ఉందండీ. దుప్పటి కూడా లేదు."

"పదండి సెక్రటరీ గారూ. చెప్పులేసుకోండి, పైన అడుగు పెట్టలేరు."

డాబా మీద, తెరిచిన తలుపు దగ్గర.

"నాన్నా. ఏం చేస్తున్నావ్ ఆ ఎండలో? లే. ముందు లేచి ఇటు రా."

"తాతగారూ, మొహం కందిపోయింది. రండి లోపలికి, మిగతాది నేను చూసుకుంటాను."

"లేస్తే ఎలా? దుప్పటి సగం వాటికే అందింది. ఇటువైపు వాటికి నేనే అడ్డం. ఎంత ఒళ్ళు చాపినా నా నీడ రెంటికి మించి రావట్లేదు. అలా నిలబడి కేకలెయ్యకుండా తలో కుండీ ఎత్తండిరా. ఈ రెండూ కూడా దిగాకే నేను లేచేది."