అచ్చుకు ఎక్కని పేరు: శ్రీమతి విర్వె తూవిక్ గారికి అభినందన

1958 సెప్టెంబరు ఒకటో తేదీన, టొరంటోలోని మన ఎస్తోనియన్ వారపత్రిక 'రన్నాతూల్'లో అక్షరాలు కూర్చే ఉద్యోగినిగా శ్రీమతి విర్వె తూవిక్ గారు చేరారు. యుద్ధకాలంలో ఎస్తోనియా నుండి తల్లితో చేపల పడవెక్కి స్వీడన్‌కు, అక్కడి నుండి కెనడాకు చేరిన ఆమె, మన భాషలో అచ్చుతప్పు కనబడితే ఇంట్లో దూరిన పామును చూసినట్టు చూసేవారు. ఆ నిష్ఠే అనతికాలంలో ఆమెను సహ సంపాదకురాలిని చేసింది.

1968లో, సోవియట్ పాలనలో ఉన్న ఎస్తోనియాలోని టార్టు నగరం నుండి ఒక వార్త వచ్చింది. అక్కడి ప్రభుత్వం నిషేధించిన క్రిస్మస్ పాటలను ఐతా పెర్న్ అనే ఉపాధ్యాయురాలు ఇంట్లో రహస్యంగా పిల్లలకు నేర్పుతున్నారని దాని సారాంశం. పేరుతో సహా అచ్చు మొదలైన ఆ పుటను విర్వె గారు ఆపించారు.

"పేరు లేకపోతే అది వార్త కాదమ్మాయ్, వదంతి!" అని అప్పటి సంపాదకులు, కీర్తిశేషులు హరాల్డ్ వెస్కిమెట్స్ గారు గర్జించారు.

"మన పత్రిక అక్కడి పోలీసులూ చదువుతారు సార్. రేపు ఆవిడ తలుపు తట్టేది వాళ్లే. నన్ను ఎంతైనా తిట్టండి, ఆ పేరు మాత్రం పడదు."

వార్త తీసేసి, ఆ చోట రై రొట్టె తయారీ విధానం వేశాం. "రొట్టె చేయడం మాకు రాదనుకున్నావా తల్లీ?" అని పాఠకులు ఎత్తిపొడిచినా ఆమె కారణం చెప్పలేదు. అయితే ఆపేలోగా అచ్చయిన ప్రతుల్లో కొన్ని అప్పటికే తపాలాకు వెళ్లిపోయాయి. ఆ భయం ఏళ్ల తరబడి ఆమెను వదలలేదు. ప్రధాన సంపాదకురాలైన తరువాత కూడా టార్టు నుండి ఎవరు వచ్చినా ఆత్రంగా వాకబు చేసేవారు.

నిరుడు అక్కడివారి విదేశీ ప్రయాణాలపై ఆంక్షలు సడలాక, మన ఎస్తోనియన్ భవనంలో కాఫీ వేళ ఒక వృద్ధురాలు మా బల్ల దగ్గరకు వచ్చి, "నేను ఐతా పెర్న్‌ని" అన్నారు. విర్వె గారు చప్పున లేచి, "ఆ ఏడాది మీ ఇంటికి ఎవరైనా వచ్చారా?" అని అడిగారు.

"రాకేం! పిల్లలొచ్చారు, పాటలు నేర్చుకోడానికి. ఇంకెవరు రావాలమ్మా?"

విర్వె గారు కుర్చీలో కూలబడి, ఏడుస్తూనే నవ్వారు. ఐతా గారికి ఏ హానీ జరగలేదని ఆనాడు విని మేమందరం అమ్మయ్య అనుకున్నాం.

ఈ 1990 మే నెలాఖరున నిశ్చింతగా పదవీ విరమణ చేస్తున్న విర్వె గారూ, మీకు, భర్త రైన్ గారికి చెక్కుచెదరని ఆరోగ్యం, సుదీర్ఘమైన ఆయుష్షు కలగాలి. వచ్చే వేసవిలో ఎస్తోనియాలోని మీ సొంత ఊరు హాప్సలు వీధుల్లో మీకు తెలిసినవారందరినీ పేరుపేరునా, గట్టిగా, భయం లేకుండా పిలవండి.