తేడా మారదు

"జవాబు సరిగ్గా ఉంటే చాలు, ఏ దారిలో వచ్చినా మార్కులు వేస్తాం." మీ మాటే మేడమ్. మన సాయంత్రం బడి తెరిచిన రోజు, పనుల్లోంచి నేరుగా వచ్చిన ముప్పై మంది ముందు అన్నారు. చప్పట్లు మొదలెట్టింది నేనే.

కుర్చీ వద్దండీ. నిలబడే చెప్తా.

ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే అక్క గుర్తుందా? ఎప్పుడూ నానిపోయిన వేళ్లతో పెన్ను పట్టుకునేది. ఈ లెక్కల పరీక్ష గట్టెక్కితే ఉద్యోగం పర్మనెంటు. మూడు మార్కుల్లో పోయింది.

ఒక్క లెక్క వినండి. తల్లి వయసు కూతురి వయసుకి మూడింతలు. పన్నెండేళ్ల తర్వాత రెండింతలే. ఇప్పుడు కూతురి వయసెంత? నాలుగు మార్కులు.

మనమైతే 'x అనుకుందాం' అంటాం. అక్క ఏమీ అనుకోలేదు. "తల్లీకూతుళ్ల తేడా ఎప్పటికీ మారదు. ఇవాళ ఆ తేడా పిల్ల వయసుకి రెండింతలు. అప్పుడు సరిగ్గా పిల్ల వయసంత. అంటే పన్నెండేళ్లలో పిల్ల వయసు రెట్టింపైంది. పిల్లకి పన్నెండు." ఇంతే రాసింది. తప్పుందా? వెతకండి.

సున్నా! మీరు పంపిన జవాబుల కీ అడుగున ఉందిగా, 'సమీకరణం రాయనిచో మార్కులు లేవు' అని?

చదువే శ్రమజీవి ఆయుధమని క్లాసు గోడ మీద నా చేత్తో రాశాను. ఆ ఆయుధం ఎవరికి తగిలిందో చూశారా?

అక్క ఏమందో తెలుసా? "పోన్లే తమ్ముడు సారూ, ఆ ఎక్సేదో పెట్టుంటే పోయేది. నాదే బుద్ధి తక్కువ." నన్నే ఓదార్చింది!

ఏంటండీ? దిద్దిందెవరా?

పేపర్ల మీద పేర్లుండవు, నంబర్లే కదా. ఆ జవాబు చదివి, భలే ఉందే అనుకున్నాను కూడా. కీ చూశాను. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. నేనే మేడమ్.

మొన్న అక్క తన జవాబు పేపరు జిరాక్సు తెచ్చి చూపిస్తే గుర్తొచ్చింది. ఆవిడ పోల్చుకోలేదు. సున్నాకి చేతిరాతేముంటుంది?

కోపం రావాలి కదా? రావట్లేదు. పన్ను పీకించుకున్నాక చెంప మొద్దుబారి ఉంటుందే, అలా ఉంది.

ఇదిగో, ఆ మార్కులు వేయమని అర్జీ. దిద్దినవాడి పేరు కూడా రాశాను. ఆస్పత్రికి పాసైనవాళ్ల జాబితా పద్దెనిమిదిన వెళ్తుంది. నాకు జవాబు కావాలి, ఏ దారిలో వచ్చినా సరే. జూన్ పదిహేడు లోపు.