చుక్క నెత్తురు ధర

ఓచివరోంగో ఊరి దగ్గర, విదేశీయులు డబ్బు కట్టి వేటాడే భూమిలో, తోళ్ళు ఒలిచే కొట్టం ముందు యజమాని కాగితం పట్టుకుని కూర్చున్నాడు. జాడలు తీసే ముసలివాడు కత్తి నూరుతున్నాడు.

"జూన్‌లో ఆ ఆస్ట్రియా షావుకారు మళ్ళీ వేటకొస్తున్నాడురా. పదిరోజుల ఖర్చు ముందే తేల్చి రాయమన్నాడు. జాడ తియ్యడానికి నువ్వే కావాలట."

"ఏం రాశారు దొరా?"

"కుడు జింక ఒకటి, రెండు వేల యూరోలు. ఒక్క చుక్క నెత్తురు కారితే చాలు, జంతువు దొరక్కపోయినా పూర్తి ధర. అది వాడికి తెలుసులే."

"తెలియకేం! పోయినేడు గురి తప్పి ఒక కుడు దవడ పగలగొట్టాడు. నాలుక వేలాడేసుకుని రెండు రోజులు పరిగెత్తింది. చివరికి నేను దాని మెడ మీద మోకాలేసి గొంతు కోస్తుంటే, వెనకనుంచి మళ్ళీ పేల్చాడు వెధవ."

"కంగారులో పేల్చాడురా. కుడు డబ్బు కట్టేశాడుగా."

"మరి ఆ దెబ్బకి ఊడిపోయిన నా రెండు వేళ్ళకి?"

"ఆస్పత్రి ఖర్చు నేను భరించలేదూ?"

"నెత్తురు కార్చింది వాడు. ఆ కాగితంలో నన్నూ రాయండి."

"నీకెంత వెయ్యమంటావు?"

"వేలికి ఒక కుడు ధర. ఇంకా ఎనిమిది మిగిలాయి. ఎన్ని కొనగలడో ఇంట్లోనే లెక్క చూసుకుని రమ్మనండి."