వేలికొసలు చూసి ఆటకు పంపిన ఎలీసమ్మ గారు

1989 జూలై మూడవ తేదీ సోమవారం ఉదయం, అద్దంకి దారిలోని ఒక పెంకుటింటి వసారాలో, ఇరవై ఆరేళ్ల ఎలీసమ్మ గారు అంగన్‌వాడీ కార్యకర్తగా బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు ఆ కేంద్రానికి ఉన్న ఆస్తి ఒక చాప, ఒక తపేలా, తలుపు లేని బీరువా. పిల్లలు మాత్రం వసారా పట్టనంతమంది. పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ తల్లులు పొద్దు పొడవకముందే కదిలే ఊరది. చంకలోని బిడ్డను దించి "సాయంత్రందాకా నీదేనమ్మా" అని వెళ్లిపోయే ఆ తల్లుల మాటను ముప్పై ఆరేళ్లపాటు అక్షరాలా నిలబెట్టిన ఎలీసమ్మ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు.

తొలి రెండు దశాబ్దాలూ చింతగింజలతో లెక్కలు, ఎండిన పత్తికాయ డొప్పలతో పడవలు, బొగ్గుతో గోడమీద బొమ్మలు. తరువాత సొంత భవనం, గ్యాసు పొయ్యి, బరువు తూచే యంత్రం వచ్చాయి. వివరాలు నమోదు చేయడానికి శాఖవారు ఫోను ఇచ్చిన కొత్తలో, అది మోగినప్పుడల్లా ఆయా కోటేశ్వరి గారి చేతిలో పెట్టి "నువ్వు మాట్లాడమ్మాయ్, నాకు దడ" అన్నవారే, కొన్నాళ్లకు తోటి కార్యకర్తలకు ఆ ఫోను వాడకం నేర్పే స్థాయికి ఎదిగారు.

2022 ఫిబ్రవరిలో ఒక స్వచ్ఛంద సంస్థ వారు ఆ కేంద్రానికి ట్యాబ్ బహూకరించారు. తాకితే తొండమెత్తే ఏనుగు, వేలితో పొడిస్తే పగిలి అక్షరమయ్యే బుడగ, గీసిన గీతను పాకే పాముగా మార్చే ఆట చూసి పిల్లలు నోళ్లు తెరిచారు. వారి వెనక నిలబడి ఎలీసమ్మ గారూ తెరిచారు. ప్రతి ఆటనూ ముందు తాను ఆడి చూసేవారు. తెరమీద ఏనుగుకు అరటిపళ్లు లెక్కపెట్టి తినిపించాక, పిల్లల్లో ఒకరిని ఏనుగును చేసి చింతగింజలు తినిపింపజేసేవారు. "అద్దంలో ఆడింది నేలమీద ఆడితేనే ఆట" అన్నది ఆవిడ నియమం.

ఆ నెల తిరగకముందే పిల్లల కళ్లు ఎర్రబడసాగాయి. ఆట మధ్యలో ఒకరు కన్ను నులుముకుని ఏడ్చేవారు. ట్యాబ్ చేతులు మారేది, మరొకరు ఏడ్చేవారు. నాలుగేళ్ల తేజశ్రీ నాయనమ్మ సుబ్బరావమ్మ గారు గుమ్మంలోనే నిలదీశారు.

"ఏం టీచరమ్మా, పిల్లను ఆడించమంటే కళ్లు తీస్తున్నావా? ఆ పలకలో వెలుగు కుంపట్లో నిప్పులాగుంది. రేపట్నుంచి మా పిల్ల రాదు. కల్లంలో నా పక్కనే కూర్చుంటది."

"డాక్టరుకి చూపిద్దామండీ. నేనే తీసుకెళ్తాను."

"చూపిచ్చి? కొత్త కళ్లు తెప్పిస్తావా?"

ఆ మాట మిరపకాయలు ఆరబోసిన కల్లాలన్నీ చుట్టివచ్చింది. మర్నాటికి చాపమీద నలుగురే మిగిలారు. పిల్లలు రాకపోతే ట్యాబ్ వేరే కేంద్రానికి వెళ్తుందని పైనుంచి కబురొచ్చింది. ఎలీసమ్మ గారి బెంగ ట్యాబ్ గురించి కాదు. కన్నవాళ్లు నమ్మి వదిలిన పసివాళ్ల చూపును చేతులారా చెడగొట్టానేమోనన్నదే ఆవిడ భయం.

తిరిగి ఇచ్చేద్దామనే నిశ్చయంతో ఆ మధ్యాహ్నం ట్యాబ్ అద్దాన్ని పైటచెంగుతో శుభ్రంగా తుడిచి పెట్టెలో పెట్టారు. ఉక్కపోతకు అదే చెంగుతో ముఖం ఒత్తుకున్నారు. రెండు కళ్లూ భగ్గుమన్నాయి. కోటేశ్వరి గారు పరుగున వచ్చేసరికి ఆవిడ గోడకానుకుని కన్నీళ్లు కారుస్తూ నవ్వుతున్నారు.

"ఏందక్కా, ఏడుస్తున్నావా నవ్వుతున్నావా?"

"వెలుగు కాదు కోటేశ్వరీ, కారం."

కల్లంలో ఉన్నంతసేపూ కంట్లో చెయ్యి పెట్టకూడదని ఆ పిల్లలకు ఉగ్గుపాలతోనే తెలుసు. అక్కణ్నుంచి కేంద్రానికి వచ్చి చేతులు కడుక్కున్నాక ఆ జాగ్రత్త మరిచిపోతారు. నీళ్లకు వదలని ఘాటు ఒకరి వేలినుంచి అద్దానికీ, అద్దంనుంచి అందరి వేళ్లకూ పాకుతోంది. ఆవిడ కళ్లు తుడుచుకోకుండానే నేరుగా సుబ్బరావమ్మ గారి కల్లానికి నడిచారు.

"అమ్మా, ఈ చెంగు ఒక్కసారి కంటికి అద్దుకోండి. ట్యాబ్ తుడిచిన చెంగు."

"నాకేం ఖర్మ?"

"మీ మనవరాలి కోసమండీ."

సుబ్బరావమ్మ గారు అద్దుకున్నారు. తరువాత ఆ కన్ను మూసుకునే అన్నారు, "ఇది మా కాయే. ఇంత ఘాటు ఇంకెవరి చేలో ఉంటది?"

కాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్లంతా గొల్లుమన్నారు.

"నూనె రాసి శనగపిండితో రుద్దాలమ్మాయ్, ఒట్టి నీళ్లకు పోద్దా?" అని సుబ్బరావమ్మ గారు లేచారు. "నూనె నే పంపిస్తా. పిల్లా వస్తది."

ఆనాటినుంచి ఆ కేంద్రంలో ఆటకు ముందు ఒక తంతు నడిచేది. నూనె, శనగపిండి, నీళ్లు అయ్యాక పిల్లలు వరుసలో నిలబడి వేళ్లు చాపేవారు. ఎలీసమ్మ గారు ప్రతి వేలికొసనూ తన పెదవికి తాకించుకుని చూసేవారు. చురుక్కుమంటే మళ్లీ కడగాలి. లేకపోతే "మంట లేదు, ఇంక ఆడుకో" అని పంపేవారు. తనిఖీకి వచ్చిన అధికారిణి ఒకరు అవి ముద్దులనుకుని మురిసిపోయారు. "పరీక్షండీ" అన్నారు ఎలీసమ్మ గారు. ఆ అధికారిణి నమ్మినట్లు లేరు.

మరుసటి ఏడు వాడరేవు కేంద్రంతో వీడియోలో పొడుపు ఆట ఏర్పాటు చేశారు. "మేం ఎండబెడతాం, కాకులొస్తే తోలతాం, ఏంటో చెప్పుకోండి" అన్నారు అక్కడి పిల్లలు. "మిరపకాయలు" అని ఇక్కడి పిల్లలు ముక్తకంఠంతో చెప్పారు. అవతలివాళ్లు చేపలు చూపించి పగలబడి నవ్వారు. ఆ తరువాత అక్కడి టీచరు ఫోనును సముద్రంవైపు తిప్పారు. చాపమీది పిల్లలంతా ట్యాబ్ దగ్గరికి జరిగారు. తేజశ్రీ అడిగింది, "టీచర్, అన్ని నీళ్లు ఎవరి చేలోకి పెడతారు?" ఆ ప్రశ్నకు తనకింతవరకూ జవాబు దొరకలేదని ఎలీసమ్మ గారు ఇప్పటికీ విస్మయంతోనే చెబుతారు.

గత శుక్రవారం, బాధ్యతలు అప్పగించే పనిలో, ఆవిడ ట్యాబ్ ముందు కూర్చోబోతుండగా, ఇప్పుడు రెండో తరగతి చదువుతున్న తేజశ్రీ బడినుంచి వచ్చింది. "ఉండండి టీచర్" అని ఆవిడ చెయ్యి పట్టుకుంది. అయిదు వేలికొసలనూ ఒక్కొక్కటిగా తన పెదవికి తాకించుకుని, పెద్దరికంగా తల ఊపింది.

"మంట లేదు. ఇంక మీరు ఆడుకోండి."

ఎందరినో ఆ మాటతో సాగనంపిన ఎలీసమ్మ గారికి, ఆ మాట తనతో ఒకరు అనడం అదే మొదలు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆ చిన్నారి ఇచ్చిన సెలవుకన్నా మిన్నగా చెప్పగలిగింది మన దగ్గర లేదు. చల్లని చూపుతో, చెక్కుచెదరని ఆరోగ్యంతో, అద్దంలో మాత్రమే చూసిన ఆ సముద్రపు నీళ్లలో పాదాలు తడుపుకుంటూ, ఎలీసమ్మ గారు నిండు నూరేళ్లూ తీరికగా ఆడుకోవాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము.