నలభై ఒక్క వద్దులు

ఆస్ట్రేలియాలోని వెర్రిబీలో ఎన్నికల శనివారం. స్కూలు హాల్లో ఒక తండ్రి, ఆయన కూతురు ఓటు వేయడానికి వరుసలో నిలబడ్డారు.

“నాన్నా, ఆ చివరి టేబుల్ దగ్గర ఎవరూ లేరు. ఈ లైన్‌లోనే ఎందుకు?”

“ఇక్కడ కూర్చుని ఓటర్ల పేర్లు చూస్తున్నది డేనియల్ మాస్టారమ్మా. ఆఫ్రికాలో నేను లెక్కలు చెప్పిన స్కూల్‌కి హెడ్మాస్టరు.”

“అక్కడ ఒకటే పార్టీ అన్నావుగా, ఇంక ఎలక్షన్ దేనికి?”

“ప్రెసిడెంట్ ఒక్కడే నిలబడేవాడు. కావాలో వద్దో జనం చెప్పాలి. మా స్కూల్లో ఓట్లు లెక్కపెట్టింది మాస్టారే. సాయానికి నన్ను కూర్చోబెట్టారు. నలభై ఒక్క మంది వద్దన్నారు.”

“పార్టీవాళ్లు ఊరుకున్నారా?”

“వద్దుల లెక్క సున్నా అని రాయమన్నారు. ఆయన నలభై ఒకటి అనే రాశారు. ఉద్యోగం పోయింది, రెండేళ్లు జైల్లో పెట్టారు.”

“మరి నువ్వు?”

“పార్టీవాళ్లు నన్నడిగితే ఆ ఓట్లు నేను చూళ్లేదన్నాను. అప్పుడు మీ అమ్మ నీళ్లోసుకుని ఉంది తల్లీ.”

“ఆ మాట ఆయనకి తెలుసా?”

“పోయినేడు ఇక్కడి చర్చిలో కనబడితే నేనే చెప్పేశాను. ‘నువ్వు క్షేమంగా ఇంటికెళ్లావు, నాకదే చాలు’ అని వాటేసుకున్నారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఇద్దరం కలిసే టీ తాగుతున్నాం.”

వాళ్ల వంతు వచ్చింది. మాస్టారు తలెత్తి, ఇంగ్లీషులో పేరూ చిరునామా అడిగి, “ఈ ఎన్నికలో ఇంతకుముందు ఓటు వేశారా?” అన్నారు.

“లేదు సార్.”

కాగితాలు తీసుకుని పక్కకొచ్చాక కూతురు ఆగలేకపోయింది.

“అదేంటి నాన్నా, తెలియనివాళ్లని అడిగినట్టు అడిగారు?”

“డ్యూటీలో ఉన్నారు కదమ్మా. అప్పుడూ ఇంతే,” అన్నాడాయన మురిసిపోతూ.