ఒంటిగంట డాక్టరమ్మ

అయ్యలారా, అమ్మలారా,

ఎక్కడి పనులు అక్కడ వదిలేసి, కొందరైతే పని బట్టల్లోనే, ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలలేదు. గోడ పక్కన నిలబడ్డవాళ్ళు ఏమీ అనుకోకండి, నేను ఎక్కువసేపు మాట్లాడను. అక్కయ్య పోయి వారం దాటింది. ఆ మాట నోటితో అనడం నాకింకా చేతకావడం లేదు. పొద్దున్నే ల్యాబు తలుపు తోస్తుంటే, లోపల ఆవిడ అప్పటికే వచ్చి కూర్చుని ఉంటుందనే అనిపిస్తోంది.

నేనెవరో తెలియనివారికి ఒక్క మాట. ఈ ఆసుపత్రి ల్యాబులో ఆవిడ పక్క మైక్రోస్కోపు నాది. చేరిన కొత్తలో మేడమ్ అని పిలిచాను. నెల తిరిగేసరికి అది అక్కయ్యా అయింది. ఆవిడ నన్ను తమ్ముడూ అంది. అలా ముందు వరుసలో కూర్చున్న మాస్టారు నాకు బావగారయ్యారు, ఆయన పక్కనున్న అమ్మాయి నన్ను మామయ్య అంటుంది. రక్తం పరీక్షలు చేసే చోట రక్తసంబంధం లేకుండానే చుట్టరికం కలిసింది. ఈ మాట అంటే అక్కయ్య నవ్వేది, అందుకే అన్నాను.

మా పని ఏమిటో చాలామందికి తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసిందంటే మీ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్నమాట. ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కను పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి, రంగు పట్టించి మా ముందు పెడతారు. దాన్ని స్లైడు అంటాం. మైక్రోస్కోపులో చూస్తే వేలకొద్దీ కణాలు కనిపిస్తాయి. వాటి మధ్య ఏదో ఒక మూల చెడ్డ కణం నక్కి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉందా లేదా చెప్పడమే మా ఉద్యోగం. లేదని రాసి సంతకం పెడితే ఆ మనిషి గుండెల మీద చెయ్యి వేసుకుని ఇంటికి వెళ్ళిపోతాడు. మరి ఉండి, మేం లేదని రాస్తే? అప్పుడు ఎవరిని అడగాలి?

అక్కయ్యను ఉద్యోగం చేసినన్నాళ్ళూ వదలని ప్రశ్న ఇదే. పొద్దున ఎనిమిదింటికి మైక్రోస్కోపు ముందు కూర్చునేది. మధ్యమధ్య లేచి కిటికీ దగ్గర నిలబడి, ఎదురు డాబా మీద ఆరేసిన బట్టల వంక చూస్తూ ఉండేది. మళ్ళీ వచ్చి కూర్చునేది. ఒంటిగంట కొట్టగానే మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పేది. తన దాని మీద ఒక్కటే కాదు, అందరి వాటి మీదా. ఇంకెన్ని స్లైడ్లు మిగిలినా, ఎవరు తలుపు దగ్గర నిలబడినా, మర్నాడు పొద్దున దాకా ఆ గుడ్డ తీయడానికి లేదు.

ఒక్క మినహాయింపు ఉండేది. ఆపరేషన్ బల్ల మీద మనిషి పడుకుని ఉండగా వచ్చే ముక్కలు ఆగవు కదా. వాటి కోసం మాలో ఒకరికి వంతులవారీగా పొద్దుటి పని తప్పించేది. అతన్ని 'తాజా మనిషి' అనేవాళ్ళం. ఆ వంతు వచ్చిన రోజు మనకి పెళ్ళికొడుకు మర్యాద. పేపరు చదువుకోవచ్చు, టీ తాగొచ్చు, ఎవరూ ఏమీ అడగరు. కానీ ఆపరేషన్ ముక్క వస్తే తప్ప స్లైడు ముట్టుకోకూడదు.

ఎందుకిదంతా అని మొదట్లో నేనూ అడిగాను. అప్పుడు ఆవిడ చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "తమ్ముడూ, కళ్ళు అలిసిపోతే మండుతాయి, తెలుస్తుంది. మనసు అలిసిపోతే ఏమీ తెలియదు. చూస్తున్నాననే అనుకుంటూ ఉంటావు." మనిషికి రోజుకి ఇంత ధ్యాస అని ఉంటుందట. అది అయిపోయాక కూర్చునే ప్రతి గంటా పని చేసినట్టు కనిపిస్తుందే గాని పని కాదట.

ఇదంతా ఆసుపత్రికి అర్థమవుతుందా? మధ్యాహ్నం పూట ల్యాబు పక్కనుంచి వెళ్ళేవాళ్ళకి ఏం కనిపించేది? కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని, కళ్ళు మూసుకున్న పెద్ద డాక్టరు కనిపించేది. అదృష్టం అంటే ఆవిడదే అనుకుంటూ పోయేవాళ్ళు. 'ఒంటిగంట డాక్టరమ్మ' అనే పేరు అలా వచ్చింది. ఇవాళ ఆ పేరు మనం ముద్దుగా అంటున్నాం. పెట్టినవాళ్ళు ముద్దుగా పెట్టలేదు.

ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటాయి. సీసాలు కడిగేవాళ్ళం. లేబుళ్ళు అంటించేవాళ్ళం. రంగు మరకలు పడ్డ బల్లని స్పిరిటు పెట్టి తుడిచేవాళ్ళం. పశ్చిమం కిటికీలోంచి ఎండ వచ్చి గాజు సామాను మీద పడేది. కొత్తగా చేరినవాళ్ళకి పాత స్లైడ్లు చూపించి పాఠం చెప్పేది కూడా అప్పుడే. పాఠంలో తప్పు చూస్తే ఎవరి ప్రాణమూ పోదు కదా అనేది. ఎవరింట్లో ఏం జరిగిందో అన్నీ ఆ బల్ల చుట్టూనే మాట్లాడుకున్నాం. ఎంత నవ్వేవాళ్ళం. మళ్ళీ ఆ రోజులు రమ్మంటే వస్తాయా?

ఇంట్లో కూడా ఆవిడది ఇదే పద్ధతి. అల్లుడుగారు అప్పుడే నవ్వుతున్నారు, నేనేం చెప్పబోతున్నానో ఆయనకి తెలిసిపోయింది. అమ్మాయిని చేసుకుంటానని అడగడానికి ఈయన ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళారు. పాపం, వారం రోజులు అద్దం ముందు నిలబడి ఆ మాటలు బట్టీపట్టారట. అక్కయ్య టీ ఇచ్చింది. బూట్లు ఎక్కడ కొన్నావు బాబూ అని అడిగింది. వానల గురించి మాట్లాడింది. అసలు విషయం ఎత్తగానే, "ఇది పెద్ద సంగతి నాయనా, సాయంత్రం పూట నా బుర్ర పనిచేయదు, రేపు పొద్దున రా" అని పంపించేసింది. ఆయన ఆ రాత్రి కంటి మీద కునుకు లేకుండా గడిపి, తెల్లవారకముందే గుమ్మంలో నిలబడ్డారు. అక్కయ్య తలుపు తీసి, సరేనంది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. మరి ఆ మాటేదో సాయంత్రమే అనొచ్చు కదా అని అల్లుడుగారు ఇప్పటికీ దెప్పుతూ ఉంటారు.

నవ్వాం, బాగానే ఉంది. కానీ ఈ పట్టుదల వల్ల ఆవిడ కుర్చీకే ఎసరు వచ్చిన రోజు కూడా ఉంది. ఆసుపత్రి పెరిగింది. చుట్టుపక్కల ఆసుపత్రుల స్లైడ్లు కూడా మాకే రావడం మొదలైంది. అప్పటి సూపరింటెండెంటుగారు పిలిచి, సాయంత్రం అయిదు దాకా చూడాల్సిందే, కుదరదంటే ఆ కుర్చీలో వేరేవాళ్ళని కూర్చోబెడతానని ముఖం మీదే చెప్పేశారు. ఆయన చెడ్డవారు కాదు. రిపోర్టు కోసం ఎదురుచూసే జనం ఆయన గది ముందే నిలబడేవాళ్ళు. ఆయన బాధ ఆయనది.

అక్కయ్య వాదించలేదు. ఒక్క కోరిక కోరింది. పొద్దుటి పూట చూసి తేల్చేసిన పాత స్లైడ్లని నంబర్లు మార్చి కలిపేసి, మధ్యాహ్నం మూడింటికి మా అందరి ముందూ పెట్టమంది. తన ముందు కూడా. పొద్దున యథాప్రకారం పని చేశాం. మూడింటికి మళ్ళీ కూర్చున్నాం. నేనైతే పందెం కోడిలా కూర్చున్నాను. అన్నీ సరిగ్గా పట్టేశాననే అనుకున్నాను.

ఫలితాలు చదువుతుంటే గదిలో ఎవరూ తల ఎత్తలేదు. తలా ఒకటో రెండో వదిలేశాం. అక్కయ్య కూడా ఒకటి వదిలేసింది. ఒంటి నిండా జబ్బున్న మనిషి స్లైడు, తానే ఒకప్పుడు పట్టుకున్నది, మూడింటికి చూసి బాగుందని రాసింది. ఆ కాగితం తానే ఎత్తి సూపరింటెండెంటుగారికి చూపించింది. "నేను గొప్పదాన్ని అయితే అయిదు దాకా కూర్చునేదాన్నండీ. కాదు. అందుకే ఒంటిగంట" అంది. ఆవిడ స్థానంలో మనం ఉంటే ఏం చేసేవాళ్ళం? మన తప్పు మన చేత్తో ఎత్తి చూపించేవాళ్ళమా? ఆ తర్వాత సూపరింటెండెంటుగారు ల్యాబుకి ఇంకో ఇద్దరిని ఇచ్చారు. వాళ్ళూ ఒంటిగంటకే గుడ్డ కప్పారు.

ఇక చివరి సంగతి. ఇది చెప్పమంటారా వద్దా అని బావగారిని అడిగాను. చెప్పు అన్నారు.

కొన్నేళ్ళ కిందట, ఒక మధ్యాహ్నం, ఒక ముక్క వచ్చింది. దాని మీద అక్కయ్య పేరుంది. రంగు పట్టి స్లైడు తయారయ్యేసరికి మూడు దాటింది. బయట బెంచీ మీద ఆవిడా, బావగారూ, అమ్మాయీ కూర్చున్నారు. ఆ రోజు పొద్దుటి నుంచీ బోలెడన్ని స్లైడ్లు చూసి ఉన్నాను. అయినా చూసేద్దామని గుడ్డ మీద చెయ్యి వేశాను. అలాంటప్పుడు చూడకుండా ఎవరుంటారు చెప్పండి? మన అక్కయ్యది. బయట కూర్చుని ఉంది. రాత్రంతా ఎలా ఉంటారు వాళ్ళు?

ఆవిడ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. "చెయ్యి తియ్యి తమ్ముడూ, రేపు పొద్దున చూడు" అంది. తాజా మనిషి ఖాళీగానే ఉన్నాడు, అతను చూస్తాడు అన్నాను. "అతను ఆపరేషన్ బల్ల మీద ఉన్నవాళ్ళ మనిషి, నేను నడిచి ఇంటికి పోగలను" అంది. నడిచే వెళ్ళింది.

బావగారూ, ఆ సాయంత్రం మీకు నా మీద చాలా కోపం వచ్చింది. రావాల్సిందే. మెట్లు దిగుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశారు. ఆ చూపు నాకు గుర్తుంది. నాకూ ఆవిడ మీద కోపం వచ్చింది. ఏం మనిషి ఈవిడ, తన ప్రాణం దగ్గర కూడా ఈ లెక్కలేనా అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మొట్టమొదట ఆ స్లైడే పెట్టుకున్నాను. అంతా బాగుంది. మళ్ళీ మొదటి నుంచి చూశాను. అంతా బాగుంది. మూడోసారి చూస్తుంటే, ఒక అంచున, రంగు సరిగ్గా పట్టని చోట, గుప్పెడు కణాలు కనిపించాయి. చాలా కొద్దిగా. అప్పుడే మొదలైన జబ్బు. ముందు రోజు మూడింటికైతే చూసేవాణ్ణా? చూసేవాణ్ణేమో. నిజంగా నాకు తెలియదు. కానీ మూడోసారి చూసే ఓపిక మాత్రం ఉండేది కాదు, అది నాకు తెలుసు.

తొందరగా పట్టుబడింది కాబట్టి వైద్యం పనిచేసింది. ఆవిడకి కొన్ని మంచి ఏళ్ళు దక్కాయి. ఆ ఏళ్ళలోనే మళ్ళీ వచ్చి ల్యాబులో కూర్చుంది. ఆ ఏళ్ళలోనే మనవరాలు పుట్టింది, నడక నేర్చింది, అమ్మమ్మ మధ్యాహ్నాలన్నీ తనవే చేసుకుంది. చివరికి జబ్బు తిరగబెట్టింది, మనకి ఆవిడ లేకుండా పోయింది. కానీ ఆ ఏళ్ళు ఎవరిచ్చారు బావగారూ? నేను కాదు. ఆ సాయంత్రం మిమ్మల్ని ఏడిపిస్తూ ఇంటికి తీసుకువెళ్ళిందే, ఆ మొండి మనిషి ఇచ్చుకుంది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. ఈ సభ పొద్దున పెట్టకుండా ఇంత ఎండలో ఎందుకు పెట్టారని చాలామంది అడిగారు. పెద్దవాళ్ళు ఇబ్బంది పడ్డారు, క్షమించండి. పొద్దున స్లైడ్లు ఉన్నాయి. అవి ఎవరివో మాకు తెలియదు. వాళ్ళ వాళ్ళు ఎక్కడో బెంచీల మీద కూర్చుని ఉంటారు. ఏడ్చిన కళ్ళతో వాటిని చూడకూడదు కదా. అందుకే వారం రోజులుగా ల్యాబులో మేం ఎవరం పొద్దుటి పూట ఆవిడ మాట ఎత్తడం లేదు. ఇవాళ కూడా ఎత్తలేదు. ఒంటిగంట దాకా అందరం పని చేశాం, గుడ్డలు కప్పాం, ఆ తర్వాతే ఆవిడ కోసం ఏడవడానికి ఇక్కడికి వచ్చాం.

ఇప్పుడు అందరం లేచి కాసేపు మౌనంగా నిలబడదాం. పెద్దవాళ్ళు, ఓపిక లేనివాళ్ళు కూర్చునే ఉండండి. ఆవిడని తలుచుకోవాలని మనసుని బలవంతపెట్టకండి. పొద్దుటి నుంచీ పని చేసి వచ్చారు. ఊరికే నిలబడండి, అక్కయ్య మిమ్మల్ని ఇంతకు మించి అడగదు.