మామా అంటే మామ కాదు

"అమ్మమ్మా, ఫోన్‌లో రికార్డ్ ఆన్ చేశాను. లైబ్రరీ క్లాస్‌లో అందరూ నవ్వారన్నావు కదా, ఆ కింగ్ స్టోరీ చెప్పు."

ఎర్ర చుక్క వెలిగిందా? సరే. రాజు కథే గానీ, ముందు ఫారం సంగతి చెప్పాలి. ఈ దేశం వచ్చాక మన ట్రాయ్ ఊరి లైబ్రరీలో ఇంగ్లీష్ క్లాసుకి మీ అమ్మ నన్ను చేర్పించిన రోజు ఒక ఫారం ఇచ్చారు. పేరు రాశాను. పుట్టిన ఊరు చీరాల అని రాశాను. చేసే పని అన్నచోట పెన్ను ఆగిపోయింది. తరవాత రాయొచ్చులే అంది టీచరమ్మ. ఆ గడి అట్లాగే ఖాళీగా ఉండిపోయింది. అరవై దాటాక, నువ్వు ఏబీసీడీలు దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దినదాన్ని కదా, ఆ గడి గుర్తొస్తే మళ్ళీ వేలిముద్ర వేసినట్టే ఉండేది నాకు.

ఇంతకీ రాజు. మాంకో కాపాక్ అని, పెరూ దేశంలో ఇంకా వాళ్ళకి మొట్టమొదటి రాజంట. ఇంకా అంటే ఇంకా ఎవరో ఉన్నారని కాదే, వాళ్ళ పేరే ఇంకా. సూర్యుడి కొడుకంట. తండ్రి చేతికో బంగారు కర్ర ఇచ్చి, ఇది ఏ నేలలో ఒక్క పోటుకి దిగిపోతే అక్కడ ఊరు కట్టుకోమన్నాడంట. బంగారు గడ్డపార అనుకో. మంచు కరగకముందు మన పెరట్లో గడ్డపార వేస్తే టంగుమంటుంది చూడు, అట్లాంటి నేలలన్నీ దాటుకుంటా పోయాడు. చివరికి కుస్కో అనేచోట మొత్తం దిగిపోయిందంట, కొస కూడా కనపడకుండా.

ఆ కథ తలా ఒక పేజీ చదివి, అర్థం మన మాటల్లో చెప్పాలి. చెప్పగలిగితే పై క్లాసు. నాకొచ్చిన పేజీలో, మామా ఓక్లో టాట్ వీవింగ్ అని ఉంది. టాట్ అంటే నేర్పడమని, వీవింగ్ అంటే నేతని నాకు ముందే తెలుసు. గడగడా చదివేశాను. అర్థం చెప్పమంటే, "కింగ్ అంకుల్ టీచ్ క్లాత్" అన్నాను.

మామ అంటే మామే కదా మరి. పైగా మా ఇంట్లో మగ్గం నేర్పింది మామే. మా మామగారు, అంటే మీ తాత వాళ్ళ నాన్న, కొడుకులందర్నీ మగ్గం గుంటలో కూర్చోబెట్టి నేర్పాడు. ఆడవాళ్ళం రాట్నం తిప్పాలి, నూలు కండెలు చుట్టాలి, అంతే. గుంటలో కాళ్ళు పెట్టకూడదు.

నేను పెట్టాననుకో. మామగారు సంతకి వెళ్ళినప్పుడు... కాదు, సంత కాదు, చేనేత సొసైటీకి నూలు తేవడానికి వెళ్ళినప్పుడు, జానెడు నేసేదాన్ని. ఆయనొచ్చి బొటనవేలితో తడిమి, "ఈ జానెడు ఎవర్రా నేసింది, ఇంత బిగువుగా ఉంది" అనేవాడు. మీ తాత, "నేనే నాన్నా" అనేవాడు. నాకు తిట్లు తప్పించాడు, మంచోడే. మెప్పు కూడా తనే తీసుకున్నాడనుకో.

ఎక్కడున్నాను? ఆఁ, అంకుల్. ఎదురుగా రోసా అని, నా ఈడుదే, కుస్కోలోనే పుట్టిందంట. ఆవిడ పకపకా నవ్వింది. ఆవిణ్ణి చూసి క్లాసంతా నవ్వింది. నేను పుస్తకం మూసేసి బ్యాగు జిప్పు లాగేశాను. ఇంక ఈ గడప తొక్కకూడదు అనుకున్నా.

రోసా లేచొచ్చి నా బ్యాగు మీద చెయ్యి వేసింది. "నో అంకుల్. మామా, మదర్. యూ మామా, ఐ మామా" అంది. వాళ్ళ భాషలో మామా అంటే అమ్మంట. ఆ ఓక్లో రాజు పెళ్ళామంట, ఆడవాళ్ళకి నేత నేర్పింది ఆవిడేనంట. రాజుకి చెల్లెలు కూడానంట, అది మాత్రం నన్నడక్కు, మామ అనుకున్నప్పుడే బాగుంది.

"వుమన్ క్లాత్?" అన్నాను.

"మై మామా, హర్ మామా, ఆల్" అని, నడుముకి తాడు కట్టుకున్నట్టు వెనక్కి వాలి చూపించింది. వాళ్ళ మగ్గం నడుముకే కట్టుకుంటారంట. నేను కుర్చీలోంచే కాళ్ళు ఆడించి, పోగు మోసే నాడె ఇటూ అటూ విసిరినట్టు చూపించాను. ఇన్నేళ్ళయినా చేతులు మర్చిపోలేదే. రోసా నా చేతుల్నే చూసి, "యూ వీవర్" అంది. అడగలేదు, చెప్పింది.

టీచరమ్మ ఆ పేజీ మళ్ళీ చదవమంది. చదివి, ఈసారి "మదర్ టీచ్ క్లాత్" అన్నాను. పై క్లాసుకి నా పేరు రాసుకుంది. నేను, "ఫారం ప్లీజ్" అన్నాను. ఆ ఖాళీ గడిలో వీవర్ అని రాశాను. స్పెల్లింగులో ఏ ఉండాల్సిన చోట ఇంకో ఈ పెట్టానని మీ అమ్మ ఇంటికొచ్చాక చెప్పింది. టీచరమ్మ దిద్దలేదు. నేనూ దిద్దను.

మీ తాత ఉంటే, ఆ జానెడు ఎవరు నేశారో ఇప్పుడు కాగితం మీద ఉంది చూడయ్యా అనేదాన్ని. నవ్వేవాడులే... నువ్వు వేసినచోట గడ్డపార మెత్తగా దిగాలి తల్లీ, చల్లగా ఉండు. ఆ ఎర్ర చుక్క ఇంకా వెలుగుతుందా? ఇంకా... చూశావా, వాళ్ళ పేరే వస్తంది నోటికి...